వాడి పక్కన కూర్చునేది ఎవరు

"అత్తా, రేపు ఆయనకు గడ్డం గీయొద్దు, నామం పెట్టొద్దు, ఆ జరీ అంచు పంచె కట్టొద్దు. మీకు దండం పెడతా."

"ఏమ్మే, మాసిన గడ్డంతో అట్లే తీసకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? దిక్కులేనోణ్ణి తెచ్చినారనుకోరా? నా కొడుకు ఏ పొద్దు నామం లేకుండా గడప దాటినాడు?"

"అనుకుంటే అనుకోనీండి. పోయినసారి మీరు పెండ్లికొడుకు మాదిరి ముస్తాబు చేసి కూర్చోబెట్టినారు. డాక్టరు ఏమన్నాడు? 'ఈయనకేం తక్కువ, నాకంటే బాగుండాడే' అన్నాడా లేదా?"

"బాగుండాడంటే నీకు కష్టంగా ఉండాదా?"

"బాగలేడని చెప్పేదానికే కదత్తా రేపు పోతా ఉండేది! ఇంగోటి. రేపు లోపలికి ఆయన జతకు నేను పోతా. మీరు రావొద్దు."

"నేను కన్నదాన్ని."

"కన్నారు కాబట్టే వద్దంటా ఉండా. ఆయన నోరు తెరవకముందే మీరు తెరుస్తారు."

ఈ చివరి మాట అంటున్నప్పుడు నా కోడలి వేళ్ళ మధ్య అనపగింజ గట్టిగా నలిగి, పప్పు ఎగిరి నా ఒళ్ళో పడింది. నేను దాన్ని తీసి గిన్నెలో వేశాను. పప్పు పారేసే అలవాటు నాకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం. తిరుపతిలో మా అద్దె ఇంటి వసారాలో ముగ్గురం చాప మీద కూర్చుని పితికిపప్పు చేస్తున్నాము. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు బయటికి జారుతుంది. చలికాలం వచ్చిందంటే మా వైపు ఏ ఇంట చూసినా ఇదే పని. మా ఇద్దరి నడుమ, ఎవరి గురించి పోట్లాడుకుంటున్నామో ఆ మనిషి, నా కొడుకు, తల వంచుకుని పితుకుతున్నాడు. నలభై దాటినవాడు. మా ఇద్దరికంటే వేగంగా, ఒక్క పప్పు చిదమకుండా పితుకుతాడు. ఆ చేతులు చూసినవాళ్ళు ఈ మనిషికి తలకు దెబ్బ తగిలిందంటే నమ్మరు. కానీ గింజలు అయిపోయాక కూడా వాడి వేళ్ళు ఆగవు. పితికిన పప్పునే మళ్ళీ తీసుకుని నొక్కి పిండి చేస్తాడు. అందుకని, అయిపోవస్తోందనగానే గిన్నె వాడి ముందు నుంచి తీసేస్తాను. ఆ ఉపాయం నేను కనిపెట్టిందే. కోడలు కాదు.

మాది గుడి కొలువులో బతికిన వైష్ణవ కుటుంబం. నా మామగారు, నా భర్త, నా కొడుకు, అందరూ ఉత్సవాల్లో స్వామి ముందర గోష్ఠి వరసలో నిలబడి ఆళ్వార్ల పాశురాలు చెప్పినవాళ్ళే. కొడుకు పగలు ఒక గుడి ఆఫీసులో గుమాస్తాగా కూడా చేసేవాడు. కార్వేటినగరం దగ్గర ఒక పల్లెలో ఉత్సవానికి పోయి స్కూటరు మీద తిరిగి వస్తుండగా కుక్క అడ్డం వచ్చింది. తల రోడ్డు అంచుకు కొట్టుకుంది. ఆసుపత్రిలో చాలా రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచి, లేచి, తన కాళ్ళతో తాను నడిచి ఇంటికి వచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూసి గండం గడిచిందన్నారు. నేనూ గడిచిందనే అనుకుని గుమ్మడికాయతో దిష్టి తీశాను.

గడవలేదు. పాలు పొయ్యి మీద పెట్టి, పెట్టిన సంగతి మరిచి వీధిలోకి పోయేవాడు. తమలపాకుల కోసం మూల అంగడికి పోయి, కనపడిన బస్సు ఎక్కి రేణిగుంటలో దిగేవాడు. ఆఫీసులో ఒకే కాగితాన్ని రెండుసార్లు రాసి, మొదటిది నేను రాయలేదని తోటివాడి మీద చేయెత్తాడు. ఎదురు మాట అనడం తెలియని బిడ్డ వాడు. ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఇంట్లో ఉండి ఆరోగ్యం చూసుకోమని పంపేశారు. చిన్నప్పుడు నేర్చిన పాశురాల్లో మాత్రం ఒక్క అక్షరం పోలేదు. పొద్దున కాఫీ తాగాడో లేదో తెలియదు గాని, పాశురం ఎత్తుకుంటే చివరిదాకా ఆగడు. అది విని వీధివాళ్ళు, "ఏం మతిమరుపప్పా ఇది, పనికి పొయ్యేదానికి మాత్రమే వస్తాది" అని నవ్వేవాళ్ళు.

మా వెనక వీధిలో ఒకాయనకు లారీ కింద పడి కాలు పోయింది. చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాడు. ఆ కర్రను చూస్తే నాకు కడుపు మండేది. ఆయన బస్సు ఎక్కితే లేచి సీటిస్తారు. వికలాంగుడని సర్టిఫికెట్ వచ్చింది, పింఛను వచ్చింది. వాళ్ళమ్మ గుడి దగ్గర కాసేపు కూర్చుంటే పదిమంది వచ్చి, "అమ్మా, నీ కొడుకు ఎట్లుండాడు?" అని అడుగుతారు. నన్ను ఎవరూ అడగరు. నా కొడుకుకు పోయింది బయటికి కనపడదు, కాబట్టి పోనట్టే లెక్క. వీడికీ ఒక కర్ర ఉంటే ఎంత బాగుండేదో అని, బియ్యం చెరుగుతూ చాలాసార్లు అనుకున్నాను.

సర్టిఫికెట్ల క్యాంపుకు మేమూ పోయాము, కోడలు చెప్పింది ఆ సంగతే. వాడికి గడ్డం గీయించి, నామం పెట్టి, భర్త పంచె ఉతికి గంజి పెట్టి కట్టించి తీసుకుపోయాను. నలుగురు పెద్దమనుషుల ముందుకు ఇంకెట్లా పోతారు? ఎముకల డాక్టరు కాళ్ళూ చేతులూ ఎత్తించి, దించి, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. పక్క గదిలో మనసు డాక్టరు కంప్యూటరు వైపు చూస్తూ నాలుగు ప్రశ్నలు అడిగాడు.

"ఈరోజు ఏ వారం?"

వాడు తడబడ్డాడు. నేను పక్కనే నిలబడి, పెదవి కదపకుండా "బుధ" అన్నాను.

"బుధవారం," అన్నాడు.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఉప్," అన్నాను.

"ఉప్మా. జీడిపప్పు లేదు," అన్నాడు. జీడిపప్పు సంగతి నేను అందించలేదు. మా ఇంటి ఉప్మాలో ఎప్పుడూ ఉండదు కాబట్టి అది వాడికే తెలుసు.

చివరికి డాక్టరు ఏం పని చేసేవాడివని అడిగితే, నేను గర్వంగా "చెప్పు నాయనా" అన్నాను. వాడు పాశురం ఎత్తుకున్నాడు. గది బయట ఉన్నవాళ్ళు కూడా వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. డాక్టరు రెండు చేతులూ జోడించి, "ఇది పిచ్చీ కాదు, మందబుద్ధీ కాదు. ఈయనకేం తక్కువ?" అని పంపేశాడు. కాలికీ కాదు, పిచ్చికీ కాదు. రెండూ కానివాడికి అక్కడ ఇంకో గది లేదు.

ఆ రోజు నుంచి కోడలు నన్ను అంటూనే ఉంది, మీరు అందించబట్టే పోయిందని. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. గోష్ఠిలో రెండు వరసలుగా నిలబడి చెబుతారు. ఎవరికైనా నడుమ మాట తప్పితే పక్కనున్నవాడు తల తిప్పకుండా, గొంతు పెంచకుండా, మొదటి అక్షరం అందిస్తాడు. అందుకున్నవాడు సాగిపోతాడు. ఎవరూ దాన్ని లోపమనుకోరు. పక్కవాడు ఉండేదే అందుకు. నాకు బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆడవాళ్ళు గోష్ఠిలో నిలబడరు. కానీ నా భర్త ఇంట్లో వల్లె వేసుకునేటప్పుడు వంటింట్లో నుంచి అందించింది నేనే. కొడుకు నేర్చుకునేటప్పుడూ నేనే. తడబడిన మనిషిని చూస్తూ నోరు మూసుకుని నిలబడటం మా ఇంట్లో ఎవరికీ రాదు.

కోడలు ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. అందుకని ఆమెకు అర్జీ రాయడం వచ్చు, ఎవరినైనా నిలదీయడం వచ్చు. క్యాంపు నుంచి వచ్చాక ఆసుపత్రి వరండాల్లో తిరిగి, మా మాదిరే ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళను వెతికింది. సత్యవేడు నుంచి ఒకామె దొరికింది. భర్త లారీ డ్రైవరు. బండి బోల్తా పడి తలకు దెబ్బ తగిలాక ఎవరిని చూసినా నవ్వుతాడు, ఎందుకు నవ్వుతాడో తెలియదు. సూళ్లూరుపేట నుంచి ఒక పెద్దాయన దొరికాడు. కొడుకు పనిచేసే చోట పైనుంచి పడి, ఇప్పుడు రోజంతా తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. తర్వాత ఇంకా కొందరు చేరారు. ఆదివారాలు మా వసారాలో కూర్చుని మాట్లాడేవాళ్ళు, సోమవారం అర్జీల రోజు పెద్దాఫీసుకు పోయేవాళ్ళు. వాళ్ళు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. తలకు దెబ్బ తగిలినవాళ్ళను చూడటానికి క్యాంపులో వేరే రోజు పెట్టాలి. మనిషి వాలకం చూసి కాదు, ఇంట్లోవాళ్ళను అడిగి రాయాలి. రోజు గడుపుకోవడం వీళ్ళకు మళ్ళీ నేర్పించే మనిషిని ఒకరిని ఈ ఊరి ఆసుపత్రిలో కూర్చోబెట్టాలి. అంతే.

ఎన్ని సోమవారాలు పోయారో నేను లెక్కపెట్టలేదు. ఈ బల్ల కాదు ఆ బల్ల అంటూ తిప్పారు. చివరికి ఒక అధికారి కోడలు చెప్పింది పూర్తిగా విని, "ముగ్గురిని తీసుకుని రండి. నా ముందరే డాక్టర్లతో చూపిస్తాను. వాళ్ళు అవునంటే వేరే రోజు పెట్టిస్తా. కాదంటే ఈ అర్జీ మళ్ళీ తేవద్దు," అన్నాడు. ఆ ముగ్గురిలో నా కొడుకు ఒకడు. రేపు పోవలసింది దానికే. రేపు గనక వీళ్ళు మళ్ళీ బాగున్నట్టు కనపడితే, మా వాడికే కాదు, వాళ్ళందరికీ తలుపు మూసుకుపోతుంది.

ఇదంతా మంచి పనే. నాకు తెలుసు. కానీ మా వసారాలో, నేను ఊడ్చి నీళ్ళు చల్లిన వసారాలో, అందరూ "అక్కా, అక్కా" అని ఆమె చుట్టూ కూర్చుంటే, నా కొడుకు సంగతి నాకు ఆమే చెబుతున్నట్టుండేది. "ఆయన కోపం ఆయనది కాదు, దెబ్బది," అని ఆమె అంటే అందరూ తల ఊపుతారు. నేను అదే మాట అంతకుముందే నా మాటల్లో అన్నాను. "వాడు అరవట్లేదే, వాడి తల అరుస్తా ఉండాది," అన్నాను. అప్పుడు ఎవరూ ఊపలేదు.

అన్నిటికంటే ఆ ఫోను. పాత ఫోను ఒకటి తీసి, దాంట్లో కోడలు తన గొంతు పట్టి పెట్టింది. వేళకు అదే మోగి మాట్లాడుతుంది. "ఏమండీ, తొమ్మిదయింది. లేవండి. అలమర తెరవండి. తెల్ల డబ్బాలో మాత్ర ఒకటి తీసుకోండి. నీళ్ళు తాగండి. ఇప్పుడు డబ్బా మూయండి." ఒక్కొక్క మాట చెప్పి, వాడు ఆ పని చేసేంతసేపు ఆగి, మళ్ళీ చెబుతుంది. వాడు బుద్ధిగా లేస్తాడు, తెరుస్తాడు, మింగుతాడు, మూస్తాడు. ఆమె ఆ వేళకు బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతూ ఉంటుంది. ఇంట్లో వాడికి మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నది నేను. నేను "మాత్ర మింగినావా నాయనా?" అంటే, "ఎన్నిసార్లు చెప్తావే!" అని గోడ వైపు తిరుగుతాడు. ఇంట్లో లేని మనిషి గొంతుకు లేచి నిలబడతాడు. ఎదురుగా ఉన్న తల్లి గొంతుకు కసురుకుంటాడు. వాడికి మొదటి మాట నేర్పింది నేను.

ఒకరోజు కోడలు లేనప్పుడు మనవరాలిని పిలిచి, నా గొంతు కూడా దాంట్లో పట్టమన్నాను. అది కాలేజీకి పోయే పిల్ల. నవ్వుకుంటూ పట్టింది. మర్నాడు వేళకు ఫోను మోగి, "ఒరే, మాత్ర మింగరా! డబ్బా మూత పెట్టు, గాలి పోతాది! కరెంటు ఊరికే కాల్తా ఉండాది, దీపం ఆర్పు!" అన్నది. వాడు ఫోను వైపు చూసి, "వస్తాన్లేమ్మా, అరవొద్దు," అని కూర్చున్నచోటే కూర్చున్నాడు. నన్ను కాదు, ఫోనును. సాయంత్రం కోడలు వచ్చి చూసి ఏమీ అనకుండా పాతది మళ్ళీ పెట్టింది. ఏమైనా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ ఆదివారమే పొద్దు వాలే వేళకు సత్యవేడు ఆమె తన భర్తతో, సూళ్లూరుపేట పెద్దాయన ఒక్కడే, మా ఇంటికి వచ్చారు. పెద్దాయన కొడుకును పొద్దున వాళ్ళమ్మ రైల్లో నేరుగా తీసుకొస్తుందట. అందరికీ మజ్జిగ ఇచ్చాను.

సత్యవేడు ఆమె ఒక గుక్క తాగి, "అవ్వా, మజ్జిగ సల్లగా ఉండాది. నీళ్ళు ఇంగ రవ్వంత తక్కువ పోసింటే పెరుగు కూడా కనపడేది," అన్నది.

"కనపడాలంటే సత్యవేడు నుంచి నువ్వే తెచ్చుకోవాల్సింది," అన్నాను.

ఆమె భర్త నవ్వాడు. ఆ ఒక్కసారి సమయానికి నవ్వాడని ఆమె కూడా నవ్వింది.

కోడలు అసలు సంగతికి వచ్చింది. లోపలికి ఒక్కొక్కరితో ఒక్కరినే పంపుతారట. ఎవరితో ఎవరు పోవాలో ఇప్పుడే అనుకోవాలన్నది.

"దీంట్లో అనుకునేదేముండాది?" అన్నాను. "నా కొడుకు జతకు నేను పోతా."

"అవ్వా, అక్క పోనీ," అన్నది సత్యవేడు ఆమె. "వాళ్ళు ఒకటంటే అక్క రెండంటాది. సట్టం తెలుసు. సీక్రంగా అయిపోతాది."

"సట్టం కన్నదా వాణ్ణి?"

"అదికాదమ్మా," అన్నాడు పెద్దాయన, తన మజ్జిగ గ్లాసు జాగ్రత్తగా కింద పెడుతూ. "మీ ఇద్దరికీ ఎందుకు, ఆ అబ్బాయినే అడిగితే పోలా? ఏం అప్పా, రేపు ఆడ నీ పక్కన ఎవురు కూర్చోవాల?"

నా కొడుకు అందరినీ ఒకసారి చూశాడు. కోడలి వైపు వేలు చూపించి, "ఆమె," అన్నాడు. తర్వాత నన్ను చూసి, ఎంతో ప్రేమగా, "అమ్మకు మోకాళ్ళు నొప్పి కదా. ఆడ మెట్లుంటాయేమో," అన్నాడు.

నా మోకాళ్ళ నొప్పి వాడికి గుర్తుంది. దానికి సంతోషపడాలో, ఏడవాలో తెలియలేదు. ఆ ప్రేమతోనే వాడు నన్ను పక్కకు నెట్టాడు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను. పితికిపప్పు కూర చేసి అందరికీ వడ్డించాను. ఎప్పుడూ లేనిది కొబ్బరి కూడా వేశాను. బాగుందని అందరూ రెండోసారి వేసుకున్నారు. కోడలు, "అత్తా, మీరూ కూర్చోండి," అని రెండుసార్లు పిలిచింది. ఆకలి లేదన్నాను.

సోమవారం పొద్దున వాడికి స్నానం చేయించి, నిన్నటి చొక్కానే వేసింది కోడలు. గడ్డం అట్లాగే ఉంది. నుదురు బోసిగా ఉంది. నేను ఆ నుదుటి వైపు చూడకుండా చెప్పులు వేసుకున్నాను. వద్దన్నా నేనూ బయలుదేరాను. గది బయట కూర్చుంటే ఎవరైనా కాదంటారా?

పెద్దాఫీసులో మెట్లు నిజంగానే ఉన్నాయి. ఎక్కాను. హాలు పక్క గదిలో డాక్టర్లు కూర్చున్నారు, ఒక బల్ల చివర ఆ అధికారి. మొదట మావాణ్ణే పిలిచారు. కోడలు వాడి చేయి పట్టుకుని లోపలికి పోయింది. నేను వరండాలో కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది.

ఒక డాక్టరమ్మ, చిన్న వయసుదే, మూడు మాటలు చెప్పింది. గొడుగు, బావి, చెంబు. గుర్తుపెట్టుకోమన్నది. తర్వాత ఊరు, వీధి, పిల్లల సంగతి అడిగింది. కాలేజీకి పోయే కూతురిని వాడు ఒకటో తరగతిలో చేర్పించాలన్నాడు. మళ్ళీ ఆమె, "ఇందాక నేను చెప్పిన మూడు మాటలు ఏంటివి?" అన్నది.

వాడు కుడి వైపు తిరిగాడు. ఎడమ వైపు తిరిగాడు. కోడలు తల వంచుకుని, పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆ మూడు మాటలూ నా నాలుక మీద ఉన్నాయి. నడుమ గోడ ఉంది. వాడి మెడ అట్లా తిరగడం చూస్తుంటే నాకు కోడలి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏమి గుండె అది, అనుకున్నాను. వాడికి ఏమీ తోచక పాశురం ఎత్తుకున్నాడు. డాక్టరమ్మ చేతులు జోడించలేదు, ఆపనూ లేదు. చివరిదాకా విన్నది. అయ్యాక, "ఇప్పుడు మీరు ఏం చేసినారు?" అని అడిగింది.

"ఏమీ చేయలేదే," అన్నాడు నా కొడుకు. "ఊరికే కూర్చోని ఉండా."

అధికారి కలం కింద పెట్టాడు.

డాక్టరమ్మ కోడలిని అడిగింది, పగలంతా ఈయన దగ్గర ఎవరుంటారని. కోడలు ఒకసారి కిటికీ వైపు చూసింది. "మా అత్త, మేడమ్. నేను బడికి పోతాను," అన్నది.

"ఆమె వచ్చినారా?"

"బయట ఉండారు."

"అయితే ఆమెను పిలవండి. మీరు బయట కూర్చోండి. మీరు రాసింది మేము చదివినాం."

కోడలు బయటికి వచ్చి, "అత్తా, మిమ్మల్ని పిలుస్తా ఉండారు," అన్నది. నేను ఆమె ముఖం చూడకుండా లోపలికి పోయి, ఆమె లేచిన కుర్చీలో కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది.

"అమ్మా, ఈయన ఇంట్లో ఒక్కరే ఉండగలరా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఉండలేడని నేను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. వీధిలో ఎవరడిగినా, "వాడికేం, అన్నీ చేసుకుంటాడు," అనేదాన్ని. వాడు నా పక్కనే కూర్చుని వింటున్నాడు. చెప్పాను. గ్యాసు తిప్పి అగ్గి వెలిగించడం మరిచిపోతాడని చెప్పాను. వీధి మలుపు తిరిగితే ఇల్లు కనుక్కోలేడని, అందుకే పగలు గడియ పెట్టి కూర్చుంటానని, స్నానానికి కూడా వాడు నిద్రపోయినప్పుడే పోతానని చెప్పాను. ఒకసారి నన్ను నెట్టాడని, నా మణికట్టు వాచిందని, మెట్టు మీద జారి పడ్డానని కోడలికి చెప్పానని చెప్పాను. తిన్నానని తెలియక మళ్ళీ తింటాడని, వద్దంటే అన్నం పెట్టలేదని వీధిలోకి పోయి చెబుతాడని చెప్పాను. వాడు నా చేయి పట్టుకుని, "ఎవురమ్మా అట్ల చేసేది?" అన్నాడు.

"ఎట్లా చెప్తే వింటారు?" అని అడిగింది ఆమె.

ఈ ఒక్కటి అడుగుతారని మాత్రం నేను అనుకోలేదు. కిటికీ అవతల కోడలి కొంగు కనపడుతోంది. నేను చెప్తే వింటాడని అనవచ్చు, తల్లి మాట వింటాడంటే ఎవరు కాదంటారు? కానీ డాక్టరమ్మ రాసుకోవడానికి కలం పట్టుకుని ఉంది.

"నేను చెప్తే వినడు," అన్నాను. "నా కోడలు ఫోనులో తన గొంతు పట్టి పెట్టింది. అది ఒక్కొక్క పనిగా, మెల్లగా చెప్తాది. మళ్ళీ ఆగతాది. అదైతే వింటాడు. నా గొంతు కూడా పట్టి చూసినాం. పనికి రాలేదు."

డాక్టరమ్మ చాలాసేపు రాసింది. అధికారి వైపు తిరిగి, "సార్, ఇట్లాంటి పద్ధతి నేర్పించే మనిషినే వీళ్ళు అడుగుతా ఉండేది. ఈమె కోడలు ఎవరూ చెప్పకుండా సొంతంగా కనుక్కునింది," అన్నది. ఇక్కడ కూడా కోడలే.

"ఆమె బడి మానేసి ఇంట్లో కూర్చుంటే మాకు జరగదు సార్," అన్నాను నేను. "నేను ఎన్నాళ్ళుంటానో తెలీదు. నేర్పించే మనిషి కావాల."

సత్యవేడు ఆయన్నూ, సూళ్లూరుపేట పిల్లవాణ్ణీ కూడా చూశాక అధికారి అందరినీ హాలులోకి పిలిచాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు క్యాంపులో వేరే రోజు పెట్టిస్తానని, ఇంట్లో చూసుకునే మనిషిని తప్పకుండా అడిగి రాయాలని చెప్పాడు. నేర్పించే మనిషి విషయం పైకి రాస్తానన్నాడు. అది తన చేతిలో లేదన్నాడు. మావాడికి సర్టిఫికెట్ అప్పుడే ఇవ్వలేదు. గురువారం ఆసుపత్రిలో ఇంకా పరీక్షలు ఉన్నాయన్నారు.

సత్యవేడు ఆమె ఏడుస్తూ నా కోడలిని కావలించుకుంది. అందరూ ఆమె చుట్టూ చేరి ఫోటో తీసుకున్నారు. నన్నూ రమ్మన్నారు. కొడుకును వదిలి రాలేనని నీడలో నిలబడ్డాను. తర్వాత ఒక గుమాస్తా వచ్చి గురువారం రమ్మన్న కాగితం ఇచ్చాడు. జతగా రావలసిన మనిషి అన్నచోట తల్లి అని రాసి ఉంది. కోడలు దాన్ని చదివి, మడిచి, నా చేతికి ఇచ్చింది. మేము ముగ్గురం మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరాము.